ఎడమ సీటు మనిషి

దొంగ అని రాసిండ్రు గదా, ఎవరు చూసిండ్రని రాసిండ్రు? శ్రీహరిరావు దొరా, నువ్వు చెప్పినవ్. పంచనామా రాసిన పోలీసు జమేదారూ, నువ్వు ఇంకో మాట అడగకుండ రాసినవ్. బొమ్మకార్లు చేసి అమ్మెటి కంపెనోళ్ళారా, యాభై రెండేండ్ల ఆ పాచిమాటనే మీరు నున్నటి కాయిదం మీద ఇంగ్లీషుల అచ్చేసి అద్దాల పెట్టెల పెట్టిండ్రు. లేజరు మిషను పట్టి అసలు కారు ఒంటి మీదున్న ప్రతి రివిటు, ప్రతి సొట్ట బొమ్మల దించినమని చెప్పుకుంటిరి. సచ్చిన మనిషి ఏ దిక్కు కూసున్నడో అడిగెటందుకు మీల ఒక్కనికి నోరు రాలె. మీరే కాదు, అన్నీ తెలిసి నోరు కుట్టుకున్న మనిషి ఇంకొకడున్నడు. ఈ వారం వాని వాకిట్లకే పోతున్నం.

కొత్తగ చదివెటోళ్ళ కోసం రెండు మాటలు. 1973ల పెద్దేముల్ గొల్ల బిచ్చయ్య కారు గుద్దుకోని సచ్చిండు. ఆ కారు వికారాబాద్ బంగ్లా దొర కొడుకు శ్రీహరిరావుది. మామూలు కారు కాదు, రేసు కారు. పైన కప్పు ఉండదు, ఒళ్ళంత పల్చటి అల్యూమినియం రేకు, నీలం రంగు. మద్రాసు దగ్గర షోలవరం రన్‌వే మీద ఉరికి కప్పులు గెల్చుకొచ్చిన బండి. ఇక్కడి జనం దాన్ని పాలపిట్ట అనేటోళ్ళు. పాలపిట్టను బిచ్చయ్య దొంగతనంగ తీస్కపోయి, నడపరాక కల్వర్టుకు గుద్ది సచ్చిండని దొరలు చెప్పిన కత. ఇప్పుడు ఆ కారుకు పద్దెనిమిదో వంతు బొమ్మ చేసిండ్రు. అయిదు వందలే చేసిండ్రు, ఒక్కోదాని అడుగున ఒక్కో నంబరు. బిచ్చయ్య మనుమరాలు పూజిత వికారాబాద్‌ల కొరియర్ ఆఫీసుల పనిచేస్తది. అద్దం పగిలి వాపస్ వచ్చిన బొమ్మ ఒకటి ఆ పిల్ల చేతిలపడ్డది. పెట్టెల చిన్న పుస్తకం, పుస్తకంల తాత పేరు, పేరు పక్కన దొంగ అన్న మాట. బొమ్మను ఇంటికి తెచ్చి నానమ్మ హన్మమ్మ ఒళ్ళె పెట్టింది. ముసలమ్మకు చూపు సరిగ ఆనదు. బొటనవేలితోటి తడిమి చూసింది. ఎడమ పక్క రేకు మీద ఆ వేలు ఆగిపోయింది. "నన్ను తాండూరు తీస్కపో, రేకుపెట్టెలు చేసే వలీ అన్న దగ్గరికి," అన్నది. అక్కడిదాక వచ్చినం.

పెద్దేముల్ కాడ షేరింగ్ ఆటో ఎక్కిండ్రు. ముందట ఇద్దరు, వెనుక ఆరుగురు, అంచుమీద ఒక ఉల్లిగడ్డ సంచి. హన్మమ్మ నడుమల కూసోని పెట్టెను రెండు చేతులతోటి పట్టుకున్నది. పూజిత నిమిషానికోసారి ఫోన్ తీసి టైం చూస్తున్నది.

"నాలుగింటికి బంగ్లాల బొమ్మకు ఫంక్షన్ నానమ్మా. అయిపోంగనే అసలు కారును లారీల ఎక్కిస్తరు. ముంబయి పోయి ఓడెక్కుతది. ఏదో దేశపోడు కొన్నడు. మల్ల మన కంట్ల పడదు."

"ఎన్నిసార్లు చెప్తవే? నాకు కండ్లు పొయ్యినయ్ గని చెవులు పోలె."

ఆటో నడిపే శ్రీను అద్దంల చూసి నవ్విండు. "అవ్వా, గంత గట్టిగ పట్టుకున్నవ్, ఏముంది పెట్టెల? బిర్యానీనా?"

"మా ఆయన."

ఆటోలున్నోళ్ళందరు నవ్విండ్రు. "ముసలోన్ని డబ్బాల పెట్టినవా అవ్వా?"

"ముసలోడు కాడురా, ఇరవై ఆరేండ్లోడు. నీకంటె చిన్నోడు. ముందట చూసి నడుపు."

తాండూరు దగ్గరపడ్డకొద్ది బండల పాలిష్ మిషన్ల రొద. రోడ్డుకు రెండు దిక్కుల నాపరాళ్ళ దొంతులు, కాలువల తెల్లటి రాతిబురద, గాలి నిండ దుమ్ము. దిగినంక హన్మమ్మ ఆగలె. కట్టె టకటక కొట్టుకుంట సందులకు నడిచింది. డెబ్భై నాలుగేండ్ల మనిషి. మనుమరాలు వెనుక ఉరకవట్టింది.

వలీ దుకాణం అంటె పెద్ద షెడ్డేం కాదు. రేకుపెట్టెలు, నీళ్ళ డ్రమ్ములు, బియ్యం డబ్బాలు ఒకదాని మీద ఒకటి. నడుమ గోనెపట్టా మీద వలీ కూసోని రేకు అంచు మడుస్తున్నడు. డెబ్భై తొమ్మిదేండ్లు. నడుము వంగింది గని ఎడమ చెయ్యి వణకదు. ఎడమచేతి వాటం మనిషి. సుత్తె ఎడమ చేతుల, కర్రదిమ్మె కుడి చేతుల.

"అరె, హన్మమ్మ చెల్లె! ఖబర్ లేకుండ వచ్చినవ్? పూజితా, నువ్వు గూడనా బేటీ? బేగం, జర చాయ్ పెట్టు, చెల్లె వచ్చింది."

లోపలి నుంచి ఉమ్రావ్ బేగం తొంగిచూసింది. "రా అక్కా, కూసో. ఎండల ఎందుకు వడ్డవ్? ఫోన్ చేస్తె మేమే రామా?"

హన్మమ్మ కూసోలె. పక్కకు సగం అయిన రేకుపెట్టె ఉంటె దాని అంచు మీద బొటనవేలు పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాక జరిపింది. తన ఇంట్ల గూడ గసొంటి పెట్టె ఉన్నది. కొడుకు దశరథ్ పెండ్లికి వలీ సొంతంగ చేసి ఎడ్లబండి మీద పంపిండు. ముప్పై ఏండ్ల సంది ఆ అంచును తడుముకుంటనే చీరెలు పెడ్తది, తీస్తది.

"వలీ అన్న, అందరి పెట్టెల అంచు కుడిదిక్కు వాల్తది, నీ అంచు ఎడమదిక్కు వాల్తది. అవునా కాదా?"

"హౌ. ఎడమచేతోన్ని గదా. మా నాయిన గూడ తిట్టేటోడు, ఉల్టా మడుస్తవ్ అని. ఎందుకు చెల్లె?"

"పూజితా, తియ్యి."

పూజిత పెట్టె మూత తీసి బొమ్మను గోనెపట్టా మీద పెట్టింది. జానెడు పొడుగు. నీలం. సైకిల్ లెక్క ఈనెల చక్రాలు, ఇంత చిన్న స్టీరింగు, రెండు సీట్లు, ముక్కు మీద తెల్లటి గుండ్రం, దాంట్ల ఇరవై ఏడు నంబరు. చూస్తుంటె ఇప్పుడే ఉరుకుతదా అన్నట్టున్నది. వలీ సుత్తె కింద పెట్టిండు. చెయ్యి మాత్రం బొమ్మ దిక్కు చాపలె. ఒళ్ళె పెట్టుకున్నడు.

"మంచిగనే చేసిండ్రు," అన్నడు.

"ఎడమ పక్క తలుపు వెనుక చూడు తాతా," పూజిత వంగి వేలు పెట్టింది. "గీ రేకు మీద రేకు వేసిన జోడు. దీని మీద ఇంటర్నెట్ల కొట్లాడుతున్నరు, బొమ్మలు కూడబెట్టెటోళ్ళు. రేసు కారుకు రేకు మడత వెనక్కి వాలాలెనట, గాలి జారిపోయేటందుకు. ఇది ముందరికి వాలింది, గాలికి నోరు తెర్సినట్టు. గిట్ల ఎందుకు చేసిండ్రో ఎవ్వరికీ అర్థం కాలె. ఒక ఇంజినీరు సారు దీంట్ల ఏదో గాలి లెక్క ఉన్నదని రెండు పేజీలు రాసిండు."

హన్మమ్మ నవ్వింది. సంతోషం నవ్వు కాదు. "లెక్క లేదు, పాడు లేదు. పెట్టెలు చేసెటోడు కొట్టిండు. ఎడమచేతోడు కొట్టిండు. అన్నా, ఇది నీ మడత."

"నా తీరుగ కొట్టెటోళ్ళు మస్తు మంది ఉంటరు చెల్లె."

"ఎవరు? పేర్లు చెప్పు."

"బొమ్మ గదా, మిషన్ల వచ్చింది. ఏదో గీత పడ్డది."

"మిషను అసలు కారును చూసి దించింది తాతా," పూజిత అన్నది. "అసలు కారుకు లేనిది బొమ్మకు రాదు."

"నువ్వు ఏం చెప్పినవ్ నాకు?" హన్మమ్మ కట్టెను నేలకు కొట్టింది. "ఆయన పోయినంక ఆ కారు మొకం చూడలేదన్నవ్. దాన్ని ఏడికి తీస్కపోయిండ్రో తెల్వదన్నవ్. మా ఇంట్ల కూసోని, నా చేతి సల్ల తాగుకుంట చెప్పినవ్. నీకు చెయ్యే ఎడమ అనుకున్న. నాలుక గూడ ఎడమనేనా అన్నా?"

ఉమ్రావ్ బేగం చాయ్ గ్లాసులు పట్టుకోని గుమ్మంల నిలబడ్డది. గ్లాసులు కింద పెట్టింది. సగం చాయ్ ప్లేట్ల ఒలికింది.

"బస్ కరో జీ," అన్నది మొగనితోటి. "ఔర్ కిత్తా ఝూట్ బోల్తే? ఇంకెన్ని దినాలు ఈ అబద్ధం? చెప్పు అక్కకు. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ఇక్కడొక సంగతి తెల్వాలె, లేకుంటె తర్వాత మాటలు అందయి. రేసు కారుకు హారన్ ఉండదు. రన్‌వే మీద ఎవలు అడ్డమొస్తరు? అక్కర్లే. గని మన రోడ్లమీద గొర్లొస్తయ్, బర్లొస్తయ్. వికారాబాద్ నుంచి తాండూరు దిక్కు పొద్దుపొద్దుగాల బండిని ఉరికిచ్చి చూసుకునుడు శ్రీహరిరావుకు అలవాటు. పాతకాలం రేసు కానూను ప్రకారం గసొంటి బండికి రెండు సీట్లు ఉండాలె. కుడి సీట్ల నడిపెటోడు. ఎడమది ఖాళీ. ఆ ఖాళీ సీట్ల దొర కొడుకు ఒక హారన్‌ను కూసోబెట్టిండు. ఆ హారన్ పేరు బిచ్చయ్య. రెండు చేతుల చిటికెన వేళ్ళు నోట్ల పెట్టి బిచ్చయ్య ఈలేస్తె మైలు దూరం ఇనబడేది. కొత్త ఈల ఇన్న గొర్లు బెదిరి రోడ్డు దిగేటియి. కిరాయి లేదు, జీతం లేదు. దొర కారుల కూసునుడే భాగ్యమన్నరు. మనిషిని హారన్ చేసిండ్రు, సచ్చినంక దొంగను చేసిండ్రు.

ఆ పొద్దు పెద్దేముల్ ఇవుతల మలుపుల అడ్డం వచ్చింది వేరేవాళ్ళ మంద కాదు. బిచ్చయ్య సొంత మంద. ఆయన ఈల ఆ గొర్లకు బెదిరింపు కాదు, పిలుపు. ఇనంగనే కార్ దిక్కే ఉరికొచ్చినయ్. కారు గుంజుకపోయి ఎడమ పక్కంత కల్వర్టుకు రాసుకున్నది. మందను తోలుకొచ్చింది ఐదు నెలల కడుపుతోటున్న హన్మమ్మ. మలుపు తిరిగి చూస్తె ఎడమ సీట్ల రేకుకు, రాతికి నడుమ మొగడు. కుడి సీటు ఖాళీ. ఊర్లకు ఉరికి బండి కట్టించుకొచ్చేవరకు ఎవరో శవాన్ని గుంజి కారుకు కుడిదిక్కు, నడిపెటోని సీటు పక్కకు పండబెట్టిండ్రు. ఎడమ దిక్కు కూసున్నడు అని అప్పటి సంది చెప్తనే ఉన్నది. రెండు చేతులు నోట్ల పెట్టుకున్నోడు స్టీరింగ్ ఎట్ల పట్టిండురా అని అడుగుతనే ఉన్నది. పెండ్లాం మాట ఎవరు ఇంటరు? దొంగ పెండ్లాం అన్నరు. దొంగ కొడుకు అన్నరు. దశరథ్‌ను బడిల సుద్దముక్క పోయినా ఎతికేటోళ్ళు.

ఇగ వలీ దుకాణంలకు రండ్రి.

వలీ బొమ్మ దిక్కు చూడకుండ చెప్పవట్టిండు. "ఆ పొద్దు ఏడు అయింది చెల్లె. అప్పుడు నా దుకాణం వికారాబాద్‌ల, బంగ్లా వెనుక, దొరల జాగల. చిన్నదొర బండల లారీ దిగి వచ్చిండు. అంగీ నలగలె. తలవెంట్రుకలు జర చెదిరినయ్, అంతే. 'వలీ, బిచ్చయ్య పోయిండు' అన్నడు. నీళ్ళు తాగిండు. రెండు గ్లాసులు తాగిండు."

"నీళ్ళు నువ్వే ఇచ్చినవా?"

"నేనే ఇచ్చిన."

"చెప్పు."

"గంటకు పెద్దదొర వచ్చిండు, వెంబడి జమేదారు. కారు పెట్టే షెడ్డు తాళం ఎవలి దగ్గర ఉంటది అన్నరు. నా దగ్గర అన్న, కారు రేకుపని నేనే చూస్తుంటి. 'అయితె రెండే మాటలు' అన్నడు జమేదారు. 'బిచ్చయ్య నీ దగ్గర తాళం గుంజుకున్నడని రాస్త. లేదంటె నువ్వే ఇచ్చినవని రాస్త, ఇద్దరు కలిసి దొంగతనం చేసిండ్రని. ఏది రాయాల్నో నువ్వే చెప్పు.' నాకు ఇరవై ఏడేండ్లు చెల్లె. బేగం నిండు నెలలతోటి ఉన్నది. దుకాణం వాళ్ళ జాగల. నేను..." వలీ ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నడు. "బిచ్చయ్య గుంజుకున్నడన్న కాయిదం కింద ఉర్దూల దస్తకత్ పెట్టిన. ఈ చేతితోనే."

హన్మమ్మ అప్పుడు కూసున్నది. పూజిత పట్టుకోబోతె చెయ్యి తోసేసింది.

"దొంగ అని మొదట చెప్పింది నువ్వా?"

"నేనే."

"జమేదారు అనుకుంటి. దొర అనుకుంటి. నువ్వా!"

"అక్కా," ఉమ్రావ్ బేగం నేల మీద, ఆమె ముందట కూసున్నది. "ప్రతి రంజాన్‌కు మీ ఇంటికి షీర్ ఖుర్మా ఎందుకు వస్తుండె అనుకున్నవ్? ప్రేమ లేదనను. గని భయం గూడ ఉండె. నోట్ల తీపి పెడితె నువ్వు అడగవని. ఈయన పంపు అంటడు, నేను పంపుత. నేను గూడ కలిసిన దాంట్ల."

"తిన్న. గిన్నె గడిగి వాపస్ ఇచ్చిన. గిన్నెల ఏం పెట్టి ఇయ్యాల్నో తెల్వక బెల్లం పెట్టి ఇచ్చిన."

ముసలామె ఏడవలె. ఏడిస్తె వలీకి ఇంత సులువు అవుతుండె. చూపు ఆనని కండ్లు ఆయన మొకం మీదనే పెట్టింది. వలీకి తట్టుకునుడు కాలె. మనిషి ఇరుకుల పడ్డప్పుడు ఎదుటోని పుండు మీదనే చెయ్యి పెడ్తడు.

"నా ఒక్కనిదేనా తప్పు?" అన్నడు. "ఆ దినం మంద రోడ్డు మీదికి రాకపోతె? మీ గొర్లు ఉరికి రాకపోతె బిచ్చయ్య..."

"తాతా!" పూజిత లేచింది.

"కూసో పిల్లా. అననియ్యి." హన్మమ్మ గొంతు లేవలె, ఇంకింత తగ్గింది. "అవును. నా మందనే. నేనే తోలుకొచ్చిన. పైన చేను కోసిండ్రు, గడ్డి ఉన్నదని రోడ్డు మీదికి తెచ్చిన. ఈల ఇన్న. ఆయనే అనుకున్న, నవ్వుకున్న గూడ. నేను అడ్డం పోతె గొర్లు ఆగుతుండె. ఆపలె. ఆయన్ను చూద్దామని నాకు గూడ ఉండె. పదకొండు గొర్లు సచ్చినయ్. ఈ సంగతి నేను మా అత్తకు చెప్పిన, కులపోళ్ళకు చెప్పిన, దశరథ్‌కు మీసాలు రాంగనే చెప్పిన. మొగన్ని మింగింది అన్నరు, పడ్డ. నా తప్పు నేను పది మందిల చెప్పుకోని మోసిన అన్నా. నీది నువ్వు ఎవ్వలికి చెప్పినవ్?"

బయట ఎవరో వచ్చి బియ్యం డబ్బా ఎంత అని అడిగిండ్రు. ఇయ్యాల అమ్మకం లేదని బేగం పంపేసింది.

వలీ అప్పుడు మొదటిసారి బొమ్మను చేతిలకు తీసుకున్నడు. ఎడమ బొటనవేలు ఆ మడత మీద పెట్టిండు. గోరంత మడత.

"నెల దినాలకు కారును నా దగ్గరికే తెచ్చిండ్రు," అన్నడు. "బాగు చెయ్యి అన్నరు. ఎడమ దిక్కు రేకు చిరిగి లోపలికి పోయింది. చిరిగిన రేకును నేను కొయ్య చెల్లె. పెట్టెలు చేసెటోళ్ళం, రేకు పారెయ్యం. పాతదాని మీద కొత్తది వేసి అంచు మడుస్తం. ఒంగి లోపల చూసిన. రేకు పండ్లల్ల నల్లగ ఏదో ఇరుక్కున్నది. గుంజిన. ఉన్ని."

హన్మమ్మ కట్టె చేతిలకెల్లి జారి రేకుల మీద పడ్డది. పెద్ద చప్పుడయింది.

"గొంగడి," అన్నది.

"హౌ. జానెడు ముక్క, అంచుతోటి. ఎర్రదారం కుట్టున్న అంచు."

"నేను కుట్టిన ఆ దారం." ఆమె రెండు చేతులు నేలకు ఆన్చింది. "గొంగడి కప్పకుండ గొల్లోన్ని మట్టిల పెట్టరు. ఆయన గొంగడి మూల చినిగి ఉన్నది. చినిగినదే కప్పినం. మా అత్త సచ్చేదాక అన్నది, నా కొడుకును చలిల పంపినవ్ అని. ఏం చేసినవ్ దాన్ని? పారేసినవా?"

"పారేద్దామని తీస్తుంటి. చెయ్యి రాలె. కింద పడేస్తె తొక్కుతరు. పొయ్యిల వేస్తె... నాతోని కాలె. లోపట్నే పెట్టి, మీదికెల్లి కొత్త రేకు వేసి మడిచిన. మడత ఎటు వాలాల్నో గాలి లెక్క నాకెందుకు తెలుస్తది చెల్లె? చేతికొచ్చినట్టు మడిచిన. అది ఇప్పటికీ దాంట్లనే ఉన్నది. ఆ మడత ఎవ్వరు ఇప్పలె."

పూజిత బొమ్మను చూస్తున్నది, వలీని చూస్తున్నది. బొమ్మను మొత్తం దేశం చూసింది, అయిదు వందల ఇండ్లల్ల అద్దాల వెనుక పెట్టుకున్నరు. మిషను మీది రేకు దాకనే చూసింది.

"అంటె ఎడమ సీటు దిక్కు మా తాత గొంగడి ఉన్నది," పూజిత మెల్లగ అన్నది. "దొంగతనంగ ఒక్కడే నడుపుకుంట పోయినోని గొంగడి, ఎడమ దిక్కు రేకుల ఎట్ల ఇరుక్కుంటది? దస్తకత్ పెట్టిన మనిషి ఇక్కడ ఉన్నడు. మడత అక్కడ ఉన్నది. కారు ఇంకా వికారాబాద్‌ల ఉన్నది." ఫోన్ల టైం చూసింది. పన్నెండు దాటింది. "నానమ్మా, ఓడ ఎక్కిందంటె అయిపోతది. నడువుండ్రి. తాతా, లే!"

వలీ లేవలె. "నేనొచ్చి ఏం చెప్పాలె బేటీ? శ్రీహరిరావు ఇంకా బతికే ఉన్నడు. నా కొడుకు నదీం ఇయ్యాల అక్కడ్నే పనిల ఉన్నడు. కారు పోయెటి పెద్ద కట్టెపెట్టెకు లోపల రేకు కొట్టుడు వానికే ఇచ్చిండ్రు."

హన్మమ్మ తల ఎత్తింది. "నదీం అక్కడ ఉన్నడా? కారు కాడనా?"

"హౌ."

"ఫోన్ చెయ్యి. ఆ మడతకు కావలి కూసోమను. మనం పోయేదాక ఎవ్వల్ని ముట్టనియ్యద్దను."

ఉమ్రావ్ బేగమే ఫోన్ తీసి కొడుకుకు కలిపింది, స్పీకరు పెట్టి నడుమ పట్టుకున్నది. నాలుగైదు రింగులు పోయినయ్.

"హా అమ్మీ, జల్ది చెప్పు, చేతుల పని ఉన్నది."

"నదీం, కార్ దగ్గర ఉన్నవా?"

"దానిమీదనే ఉన్న. పెట్టె పని అయిపోయింది. శ్రీహరి సాబ్ సొంతంగ వచ్చి కొత్త పని చెప్పిండు. ఎడమ దిక్కు ఏదో పాత మడత ఉన్నది, అబ్బా కొట్టుడు లెక్కనే ఉన్నది సూస్తె. వదులైందట. కొన్న సాబు అక్కడ దించుకున్నంక దాన్ని ఇప్పి చూస్తనన్నడట. అందుకే గ్యాసుతోటి కాల్చి గట్టిగ అతికి మూసెయ్ అన్నడు. అందర్ని బయటికి పంపిండు, నేనూ సాబే ఉన్నం. మంట వెలిగించిన అమ్మీ, పెట్టాల్నా?"

ఫోన్లకెల్లి మంట చప్పుడు ఇనబడుతనే ఉన్నది. వెనుక ఒక ముసలి గొంతు, "ఎవలతోని ముచ్చట? కానియ్యి," అన్నది.

హన్మమ్మ ఆ గొంతును గుర్తువట్టింది. బేగం చేతిలకెల్లి ఫోన్ గుంజుకున్నది. గుంజుకోని తను మాట్లాడలె. మోకాళ్ళ మీద దేక్కుంట పోయి ఫోన్‌ను వలీ నోటికి ఆన్చింది.

"చెప్పు అన్నా. నేను చెప్తె దొంగ పెండ్లాం మాట అయితది, నువ్వు చెప్పు. మంట ఆర్పుమను. మడత మీద చెయ్యి పెట్టద్దను. మనం పోయేదాక ఆ కారును ఎవ్వడు కదిలించొద్దను. పక్కకున్నోడు ఇనాలె, గట్టిగ చెప్పు. బిచ్చయ్య ఎడమ సీట్ల ఉండె, బండి నడిపింది నువ్వే శ్రీహరీ, నేను అబద్ధం రాసిచ్చిన అని చెప్పు. పది మందిల ఆ మడత ఇయ్యాలనే ఇప్పాలె, ఇప్పేది నీ ఎడమ చెయ్యే. రేపు కాదు, చాయ్ తాగినంక కాదు. నోరు తెరువు వలీ అన్న. ఇప్పుడు."